‘మనకూ మిలిటరీ రూల్ రావాలి’ అనే ముందు: తెలుగు సంపాదకులకు, చర్చల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పత్రికా సంపాదకులకు, టీవీ చర్చల నిర్వాహకులకు, పోటీ పరీక్షల పుస్తకాలు రాసే మిత్రులకు

నమస్కారాలు.

పాకిస్తాన్ గురించి తెలుగులో వచ్చినన్ని వార్తలు మరే పొరుగు దేశం గురించీ రావు. వాటి వెనుక విలేకరుల శ్రమ మాకు తెలుసు. కానీ ఆ దేశపు సైనిక పాలనల ప్రస్తావన వచ్చినప్పుడల్లా దొర్లుతున్న తప్పుల్ని కొందరికి విడివిడిగా రాసి పంపాం. జవాబు రాలేదు, సవరణా రాలేదు. అవే తప్పులు తర్వాతి చర్చల్లో మళ్లీ వినిపించాయి, పుస్తకాల కొత్త ముద్రణల్లోకీ ఎక్కాయి. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం.

మా ఫిర్యాదు ఒక్కటే. మీ చర్చ జనరళ్లు గద్దెనెక్కిన తేదీ దగ్గర మొదలై దిగిన తేదీ దగ్గర ఆగిపోతోంది. అయూబ్ ఖాన్, యాహ్యా ఖాన్ 1958 అక్టోబర్ నుంచి 1971 డిసెంబర్ దాకా. జియా ఉల్ హక్ 1977 జూలై నుంచి 1988 ఆగస్టు దాకా. ముషారఫ్ 1999 అక్టోబర్ నుంచి 2008 ఆగస్టు దాకా. కలిపితే 33 ఏళ్లు. లెక్క సరిగ్గానే ఉంది. కానీ జనరల్ దిగిపోయాక కూడా ఆయన తెచ్చిన చట్టం, రాజ్యాంగంలో ఆయన దూర్చిన వాక్యం, ఆయన కోసం కోర్టు ఇచ్చిన తీర్పు అక్కడే ఉండిపోయాయి. ఆ తర్వాత వచ్చిన పౌర ప్రభుత్వాలు వాటి కిందే పనిచేశాయి, కొన్నిసార్లు వాటికే బలయ్యాయి. ఈ సగం చెప్పకపోతే మొదటి సగం కూడా తప్పుగానే అర్థమవుతుంది. అప్పుడు చర్చ రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది: ‘వాళ్లకు మిలిటరీయే కరెక్టు’, ఆ వెంటనే ‘మన దేశానికీ ఓ పదేళ్లు మిలిటరీ రూల్ పెడితే గానీ బాగుపడదు’. టీ కొట్టు దగ్గర విసుగుతో ఈ మాట అనుకోవడం వేరు. స్టూడియోలో అతిథి అంటే యాంకర్ తలూపి ప్రకటనలకు వెళ్లిపోవడం వేరు.

విషయాలు వరుసగా చెబుతాం.

1. ఒక్క రాత్రితో అయ్యే పని కాదు

రావల్పిండిలోని 111 బ్రిగేడ్ జవాన్లు ప్రధాని నివాసాన్ని, టీవీ కేంద్రాన్ని అదుపులోకి తీసుకుంటారు. 1999 అక్టోబర్ 12న ఇస్లామాబాద్‌లో సైనికులు టీవీ కేంద్రం గేటు ఎక్కి లోపలికి దూకుతున్న దృశ్యం ప్రపంచమంతా చూసింది. మన కథనాలు ఇక్కడితో ముగుస్తాయి. అసలు పని మర్నాడు మొదలవుతుంది, దానికి ప్రతిసారీ దాదాపు ఒకే వరుస ఉంటుంది.

మొదట రాజ్యాంగం సంగతి. 1958లో, 1969లో దాన్ని ఏకంగా రద్దు చేశారు. 1973 రాజ్యాంగం రాసినవాళ్లు దీనికి అడ్డుకట్టగా ఆరో అధికరణం పెట్టారు: బలప్రయోగంతో రాజ్యాంగాన్ని రద్దు చేయడం తీవ్ర దేశద్రోహం. శిక్ష మరణం లేదా యావజ్జీవం అని అదే ఏడాది చట్టం చేశారు. దాంతో జియా, ముషారఫ్ ‘రద్దు’ అనే మాటే వాడలేదు. రాజ్యాంగాన్ని ‘నిలిపి ఉంచాం’ అన్నారు. ఆ ఒక్క మాట తేడాను ఆసరా చేసుకుని ఇద్దరి పాలనలూ కలిపి 20 ఏళ్లు నడిచాయి. నిలిపి ఉంచడం కూడా దేశద్రోహమేనని, ఏ కోర్టూ దాన్ని సమర్థించరాదని 2010లో 18వ సవరణతో గానీ రాజ్యాంగంలోకి ఎక్కలేదు.

తర్వాత తాత్కాలిక రాజ్యాంగ ఉత్తర్వు వస్తుంది. అక్కడ పీసీఓ అంటారు. దాని కింద న్యాయమూర్తులంతా కొత్తగా ప్రమాణం చేయాలి. చేయని న్యాయమూర్తి ఇంటికి పోవాలి. 2000 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి సయీదుజ్జమా సిద్దీకీ, మరో ఐదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ప్రమాణానికి ఒప్పుకోక పదవులు వదులుకున్నారు. మిగిలినవాళ్లతో కూడిన కోర్టు మే నెలలో తిరుగుబాటును సమర్థించి, ముషారఫ్‌కు మూడేళ్ల గడువు ఇచ్చి, రాజ్యాంగాన్ని సవరించే అధికారం కూడా ఇచ్చింది. ఆయన అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చిందని అక్కడి న్యాయవాదుల్లో చాలామంది అప్పుడే అన్నారు. 1977 నవంబర్‌లో, జియా కూలదోసిన ప్రధాని జుల్ఫికర్ అలీ భుట్టో భార్య నుస్రత్ వేసిన కేసులో జియాకు దక్కిందీ ఇలాంటి సమర్థనే, సవరణాధికారమే.

ఆ తర్వాత ఒక్క ప్రశ్నతో ప్రజాభిప్రాయ సేకరణ. 1984 డిసెంబర్ 19న జియా అడిగింది ‘నన్ను అధ్యక్షుడిగా ఉంచుతారా’ అని కాదు. ఖురాన్‌కు, సున్నత్‌కు (ప్రవక్త ఆచరణకు) అనుగుణంగా చట్టాలను మార్చే ప్రక్రియను మీరు సమర్థిస్తారా అని అడిగారు. అవును అంటే జియాకు ఐదేళ్లు అధ్యక్ష పదవి. కాదు అనడానికి ఏ ముస్లిం ఓటరుకు నోరొస్తుంది?

చివరి మెట్టు, మనవాళ్లు ఎప్పుడూ చెప్పనిది, మాఫీ. అనుకూలమైన ఒక పార్టీని పోగు చేస్తారు. అయూబ్‌కు కన్వెన్షన్ ముస్లిం లీగ్, ముషారఫ్‌కు ముస్లిం లీగ్ ఖాయిద్ వర్గం. ఎన్నికలు పెట్టి, ఆ సభ చేత అంతవరకూ చేసినవన్నీ సక్రమమేనని రాజ్యాంగ సవరణ చేయిస్తారు. 1985లో ఎనిమిదో సవరణ, 2003లో 17వ సవరణ అలా వచ్చినవే. ఎన్నికైన సభ మొదటి పని, తనను ఎన్నుకునే హక్కును ఇన్నాళ్లూ తొక్కిపెట్టిన వ్యక్తిని క్షమించడం.

2. కోర్టుల పాత్ర చెప్పకుండా జనరళ్ల కథ చెప్పలేం

దీనికి బీజం పడింది సైన్యం రాకముందే. 1954 అక్టోబర్‌లో గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ రాజ్యాంగ సభను రద్దు చేశారు. సభాధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్ కోర్టుకెళ్లి సింధ్ చీఫ్ కోర్టులో గెలిచారు. 1955 మార్చిలో జస్టిస్ మునీర్ నేతృత్వంలోని ఫెడరల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కారణం సాంకేతికం: తమీజుద్దీన్‌కు ఊరటనిచ్చిన చట్టానికే గవర్నర్ జనరల్ ఆమోదముద్ర లేదట. జస్టిస్ కార్నీలియస్ ఒక్కరే విభేదించారు. ఆ వెంటనే ‘అవసరం’ అనే సూత్రం కోర్టులోకి వచ్చింది. మామూలుగా చట్టవిరుద్ధమైన పని కూడా అవసరం ఉంటే చెల్లుతుందన్నమాట. 1958 అక్టోబర్ 27న అదే మునీర్, గెలిచిన తిరుగుబాటే కొత్త చట్టానికి మూలమని తీర్పు చెప్పారు. అదే రోజు రాత్రి అయూబ్, తనను మార్షల్ లా అధికారిగా నియమించిన అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జానే గద్దె దింపారు. ఆ తీర్పు లెక్కన అదీ గెలిచిన తిరుగుబాటే.

యాహ్యా ఖాన్ అధికారాన్ని దురాక్రమించాడని సుప్రీంకోర్టు ధైర్యంగా తేల్చింది 1972 ఏప్రిల్‌లో. అప్పటికి ఆయన పదవి పోయి నాలుగు నెలలు. గద్దె మీద ఉన్న జనరల్‌కు సమర్థన, దిగిపోయిన జనరల్‌కు మందలింపు: ఈ తేడాను పాఠకుడికి చూపించాలి. ఇది పాకిస్తానీల రక్తంలో ఉన్న దోషమన్నట్టు మాట్లాడే అతిథులకు మరో మాట గుర్తు చేయండి. 1976లో ఎమర్జెన్సీ కాలంలో మన సుప్రీంకోర్టులో ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు, నిర్బంధంలో ఉన్న మనిషికి కోర్టు తలుపు తట్టే హక్కు లేదన్నారు.

3. పుస్తకాల్లో, తెర మీద తిరుగుతున్న తప్పులు

‘భుట్టోను మిలిటరీ కోర్టు ఉరి తీసింది’ అని రాస్తున్నారు. కాదు. మరణశిక్ష వేసింది లాహోర్ హైకోర్టు. 1979 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నాలుగుకు మూడు ఓట్ల తేడాతో ఖాయం చేసింది. ఏప్రిల్ 4న ఉరి అమలైంది. ఈ తప్పు చిన్నది కాదు, ఎందుకంటే మిలిటరీ కోర్టు అని రాస్తే మామూలు కోర్టుల బాధ్యత చెరిగిపోతుంది. ఆ విచారణ న్యాయంగా జరగలేదని సుప్రీంకోర్టే 2024 మార్చి 6న తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ అభిప్రాయంలో ఒప్పుకుంది. అప్పటికి 45 ఏళ్లు.

‘1999 తిరుగుబాటుకు ముషారఫ్‌కు మరణశిక్ష పడింది’ అని చెబుతున్నారు. కాదు. 2019 డిసెంబర్ 17న ప్రత్యేక కోర్టు వేసిన శిక్ష 2007 నవంబర్ 3 ఎమర్జెన్సీకి. ఎన్నికైన ప్రధానిని కూలదోసిన 1999 అక్టోబర్ 12 చర్య మీద ఆయన విచారణే ఎదుర్కోలేదు. దాన్ని 2000లో సుప్రీంకోర్టు, 2003లో పార్లమెంటు సక్రమం చేసేశాయి కదా. 2020 జనవరిలో లాహోర్ హైకోర్టు ఆ ప్రత్యేక కోర్టే చెల్లదంది. 2024 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ శిక్షను నిలబెట్టింది. ఆయన అంతకు ఏడాది ముందే, 2023 ఫిబ్రవరిలో, దుబాయిలో చనిపోయారు.

‘జియా కాలమంతా మార్షల్ లా’ అంటారు. 1985 డిసెంబర్ 30న మార్షల్ లా ఎత్తేశారు. జియా మాత్రం అధ్యక్షుడిగా, సైన్యాధిపతిగా కొనసాగారు. ‘ముషారఫ్ మార్షల్ లా విధించారు’ అన్నదీ సరికాదు. ఆయన ఆ మాటే వాడకుండా తనను తాను చీఫ్ ఎగ్జిక్యూటివ్ అనుకున్నారు. పేరు మార్చినంత మాత్రాన పాలన మారలేదని చెప్పాలంటే ముందు పేరు సరిగ్గా రాయాలి.

1969 మార్చి 25న అయూబ్ యాహ్యాకు ‘పద్ధతి ప్రకారం’ అధికారం అప్పగించారని కొన్ని పుస్తకాల్లో ఉంది. అయూబ్ స్వయంగా ఇచ్చిన 1962 రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడు తప్పుకుంటే బాధ్యత జాతీయ సభ స్పీకర్‌కు వెళ్లాలి. స్పీకర్ తూర్పు పాకిస్తాన్ వ్యక్తి, బెంగాలీ. తాను రాయించుకున్న రాజ్యాంగాన్నే అయూబ్ చివరి రోజున పక్కకు తోశారు.

4. ‘అభివృద్ధి’ పక్కన డాలర్లూ చూపించండి

అయూబ్, జియా, ముషారఫ్ కాలాల్లో వృద్ధి రేటు మెరుగ్గా ఉన్నమాట నిజం. దాన్ని దాచమని అడగడం లేదు. ఆ పక్కనే రెండో కాలమ్ వేయమంటున్నాం. 1954లో సీటో, 1955లో బాగ్దాద్ ఒప్పందం అనే సైనిక కూటముల్లో చేరిన కాలంలో అమెరికా సాయం బాగా పెరిగింది. 1980లో కార్టర్ ప్రభుత్వం 40 కోట్ల డాలర్లు ఇస్తామంటే జియా ‘వేరుశెనగ గింజలు’ అని తోసిపుచ్చారు. కార్టర్ వేరుశెనగ రైతు కాబట్టి ఆ మాట ఇంకా గుచ్చుకుంది. మరుసటి ఏడాది రీగన్ ప్రభుత్వం ఆరేళ్లకు 320 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సేనలు లేకపోతే ఆ డబ్బు వచ్చేదే కాదు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, డిసెంబర్‌లో అప్పులిచ్చిన దేశాల బృందమైన పారిస్ క్లబ్ దాదాపు 1,250 కోట్ల డాలర్ల అప్పు తీర్చే గడువును వెనక్కి జరిపింది.

యుద్ధం పొరుగున ఉన్నంతకాలం డబ్బు జనరల్ హయాంలో వచ్చింది. సోవియట్ సేనలు వెళ్లిపోయాక, 1990లో ప్రెస్లర్ సవరణ కింద, అంటే అణ్వాయుధాల కారణంగా సాయం ఆపే అమెరికా చట్టం కింద, సాయం ఆగింది. ఆ దెబ్బ కొత్తగా ఎన్నికైన పౌర ప్రభుత్వాలకు తగిలింది. ‘సైన్యం ఉంటే బాగు, నాయకులు ఉంటే నాశనం’ అనే లెక్క ఇలా తయారైంది.

వచ్చిన సంపద ఎవరి చేతికి పోయిందన్నది మరో ప్రశ్న. అయూబ్ దశాబ్ద అభివృద్ధి ఉత్సవాలు జరుపుకుంటున్న 1968లోనే ప్రణాళికా సంఘం ముఖ్య ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, పరిశ్రమల్లో మూడింట రెండొంతులు 22 కుటుంబాల చేతిలో ఉన్నాయని చెప్పారు. ఆ మాట అన్నది ప్రతిపక్షం కాదు, ప్రభుత్వ ఆర్థికవేత్త.

5. మామూలు మనుషులకు మిగిలింది

దయచేసి ఈ భాగం తీరిగ్గా చదవండి. మీ చర్చల్లో దీనికి చోటే దొరకడం లేదు.

ఆడవాళ్ల సంగతి ముందు. 1979 ఫిబ్రవరి 10న జియా మతపరమైన శిక్షల చట్టాలైన హుదూద్ ఆర్డినెన్సులు తెచ్చారు. అత్యాచారానికి గరిష్ఠ శిక్ష పడాలంటే నలుగురు ముస్లిం పురుషులు కళ్లారా చూశామని సాక్ష్యం చెప్పాలి. నేరం రుజువు కాకపోతే ఫిర్యాదు చేసిన స్త్రీ మాటే ఆమె అక్రమ సంబంధానికి ఒప్పుకోలుగా మారే ప్రమాదం ఉండేది. 1983లో సాహివాల్‌లో అంధురాలైన ఒక అమ్మాయికి ఇదే జరిగింది. అత్యాచారం వల్ల గర్భం దాల్చానని చెబితే, నిందితులు సాక్ష్యాలు లేవని బయటపడ్డారు. ఆమెకు గర్భమే సాక్ష్యమైంది: మూడేళ్ల జైలు, 15 కొరడా దెబ్బలు. దేశమంతా గగ్గోలు పుట్టాక ఫెడరల్ షరియత్ కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. చట్టం మాత్రం ఉంది. అత్యాచారాన్ని తిరిగి మామూలు శిక్షాస్మృతిలోకి తెచ్చింది 2006లో. జియా విమానం కూలి చనిపోయిన 18 ఏళ్ల తర్వాత. ఈ మధ్యలో బేనజీర్ రెండుసార్లు, నవాజ్ షరీఫ్ రెండుసార్లు ప్రధానులయ్యారు. తీయలేకపోయారు, ఎందుకంటే మతం పేరుతో పెట్టిన చట్టాన్ని తీసేయడానికి చేయెత్తే ధైర్యం ఓట్లడిగే పార్టీకి అంత తేలిగ్గా రాదు. సైనిక పాలకుడు ఒక్క సంతకంతో పెడతాడు. పార్లమెంటుకు అది తీయడానికి తరం పడుతుంది.

విద్యార్థులు. 1984 ఫిబ్రవరిలో విద్యార్థి సంఘాలను నిషేధించారు. 1988 చివర్లో బేనజీర్ ఎత్తేశారు, 1990ల మొదట్లో కోర్టు ఆదేశాలతో మళ్లీ మూతపడ్డాయి. కాలేజీలో చేరేటప్పుడు రాజకీయ కార్యకలాపాల్లో పాల్గొననని పిల్లల చేత హామీపత్రం రాయించుకునే అలవాటు స్థిరపడింది. 18 ఏళ్లకే ఓటు హక్కు ఉంది, కానీ క్యాంపస్‌లో నోరు విప్పరాదు. సంఘాలను పునరుద్ధరిస్తూ సింధ్ రాష్ట్రం చట్టం చేసింది 2022లో. ఎన్నికలు నడిపి, ఓడిపోయి, మళ్లీ పోటీ చేసి రాజకీయం నేర్చుకునే బడి మూతపడితే, తర్వాత అసెంబ్లీకి వచ్చేవాళ్లు భూస్వాముల కొడుకులు, పార్టీ పెద్దల వారసులే అవుతారు. అక్కడి కుటుంబ రాజకీయాల మీద విసుర్లు విసిరే అతిథులు ఈ కారణం కూడా చెప్పాలి.

రైతులు. పంజాబ్‌లోని ఒకాడా సైనిక వ్యవసాయ క్షేత్రాలు దాదాపు 17,000 ఎకరాలు. తరాలుగా అక్కడి కుటుంబాలు పంటలో వాటా ఇచ్చి సేద్యం చేసేవి. మన దగ్గర పాలుకు చేయడం అంటామే, అదే. 2000లో సైన్యం ఆ పద్ధతి తీసేసి నగదు కౌలు ఒప్పందం మీద సంతకాలు పెట్టమంది. పైకి చూస్తే చిన్న మార్పు. పాలుకు చేసే రైతుకు 1887 నాటి కౌలు చట్టం కింద భూమి మీద నిలబడే హక్కు ఉంది. కొత్త ఒప్పందం మీద వేలిముద్ర వేస్తే, గడువు తీరగానే ఖాళీ చేయమనొచ్చు. పంట పోయినా నగదు కట్టాల్సిందే. రైతులు వేలిముద్ర వేయం అన్నారు. ‘మాల్కీ యా మౌత్’, అంటే యాజమాన్యమో చావో అని నినాదం ఇచ్చారు. ఊళ్లు దిగ్బంధించారు, నీళ్లు ఆపారు, కేసులు పెట్టారు, కాల్పుల్లో మనుషులు పోయారు. ముషారఫ్ వెళ్లిపోయాక కూడా ఆ రైతుల మీద ఉగ్రవాద నిరోధక చట్టం కింద కేసులు నడిచాయి.

వీధి కుళాయి, మురికి కాలువ. ఇది వింతగా అనిపించవచ్చు గానీ వారసత్వంలో ఇదీ ఉంది. అయూబ్ 80,000 మంది ‘మౌలిక ప్రజాస్వామ్య’ స్థానిక సభ్యులను పెట్టి, 1960లో వాళ్ల చేతే తనను ఖాయం చేయించుకున్నారు, 1965 జనవరిలో ఫాతిమా జిన్నా మీద వాళ్ల ఓట్లతోనే గెలిచారు. జియా 1979లో, ముషారఫ్ 2000–01లో స్థానిక ఎన్నికలు పెట్టారు. ముగ్గురి ఉద్దేశమూ పార్టీలను దాటేసి కింద తమకు మనుషుల్ని తయారు చేసుకోవడం. దాంతో పార్టీలకు స్థానిక సంస్థలంటేనే జనరళ్ల సరుకు అనే అనుమానం పట్టుకుంది. ముషారఫ్ నాటి సంస్థల గడువు తీరాక రాష్ట్రాలు ఏళ్ల తరబడి ఎన్నికలు పెట్టలేదు. బలూచిస్తాన్‌లో 2013 డిసెంబర్‌లో, మిగతా మూడు రాష్ట్రాల్లో 2015లో గానీ జరగలేదు. అవీ సుప్రీంకోర్టు వెంటపడితేనే. పంజాబ్‌లో ఆ సంస్థలను 2019లో మళ్లీ రద్దు చేశారు. మురుగు పొంగితే అడగడానికి వార్డు సభ్యుడు లేని ఊళ్లు ఇలా తయారయ్యాయి. తప్పు జనరళ్లదీ, పార్టీలదీ.

పత్రికలవాళ్లు. ఇది మీ వృత్తి సంగతి. 1978 మే 13న లాహోర్‌లో నలుగురు పాత్రికేయులకు సైనిక కోర్టు కొరడా దెబ్బలు విధించింది. ఒకరిని ఆరోగ్యం బాగోలేదని వదిలేశారు, ముగ్గురిని కొట్టారు. మిలిటరీ రూల్ కావాలనే అతిథి పక్కన కూర్చున్న యాంకర్‌కు ఈ తేదీ గుర్తుండాలి.

6. విశాఖ బీచ్ రోడ్డు దాకా వచ్చిన కథ

1970 డిసెంబర్ ఎన్నికల్లో 300 స్థానాలకు తూర్పు పాకిస్తాన్ పార్టీ అవామీ లీగ్ 160 గెలిచింది, భుట్టో పార్టీ 81. మెజారిటీ స్పష్టం. 1971 మార్చి 3న జరగాల్సిన సభను యాహ్యా రెండు రోజుల ముందు వాయిదా వేశారు. మార్చి 25 రాత్రి ఢాకాలో సైనిక చర్య మొదలైంది. ఆ ఏడాది చివర యుద్ధం, 93,000 మంది బందీలు, దేశం రెండు ముక్కలు. డిసెంబర్ 3–4 రాత్రి విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయిన ఘాజీ జలాంతర్గామిలో 90 మందికి పైగా నావికులు పోయారు. అది అయూబ్ కాలంలో, 1964లో, అమెరికా లీజుకిచ్చిన జలాంతర్గామి. ప్రతి డిసెంబర్‌లో బీచ్ రోడ్డు స్మారకం దగ్గర మీరు ప్రత్యేక కథనాలు చేస్తారు. మన నౌకాదళం సాహసం చెప్పండి, తప్పకుండా చెప్పాలి. ఆ నావికులను అంతదూరం పంపిన నిర్ణయం అడిగే పార్లమెంటే లేని దేశంలో జరిగిందని ఒక్క వాక్యం చేర్చండి. యుద్ధ వైఫల్యంపై హమూదుర్ రహ్మాన్ కమిషన్ జనరళ్లను విచారించాలని సిఫార్సు చేసింది. విచారణ జరగలేదు, నివేదికను 2000 డిసెంబర్ దాకా ప్రజలకు చూపించలేదు.

7. నాయకుల వంతు

పార్టీలు అమాయకమైనవని మేం అనడం లేదు. 1977లో, 1999లో ప్రధాని పోయినందుకు మిఠాయిలు పంచిన ప్రత్యర్థులు ఉన్నారు. జియా చేర్చిన 58(2)(బి) నిబంధనతో 1988, 1990, 1993, 1996లో నాలుగు ప్రభుత్వాలను అధ్యక్షులు ఇంటికి పంపారు. మొదటిసారి బలైంది జియా తెచ్చుకున్న ప్రధాని జునేజోయే. జియా నీడలో ఎదిగిన నవాజ్ షరీఫ్‌ను 2017 జూలైలో పదవి నుంచి దించింది కూడా జియా చేర్పించిన ‘నిజాయితీపరుడు, విశ్వసనీయుడు’ అనే అర్హతా వాక్యమే, 62(1)(ఎఫ్). 18వ సవరణ రాసేటప్పుడు దాన్ని పూర్తిగా తీసేసే అవకాశం పార్టీల చేతిలోనే ఉంది. వదిలేశారు. ఇప్పటిదాకా ఒక్క ప్రధాని కూడా పూర్తి ఐదేళ్లు పదవిలో లేరు. 2020 జనవరిలో సైన్యాధిపతి పదవీకాలం పొడిగింపు బిల్లుకు అధికార, ప్రతిపక్షాల పెద్ద పార్టీలు కలిసి ఓటేశాయి. 2024 నవంబర్‌లో ఆ పదవీకాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. 2025 నవంబర్‌లో 27వ సవరణ సైన్యాధిపతిని మూడు దళాలకూ పెద్దను చేసి, ఫీల్డ్ మార్షల్ హోదాకు జీవితాంతం కేసుల నుంచి రక్షణ ఇచ్చింది. ఈసారి ట్యాంకులు రాలేదు, పార్లమెంటే ఓటేసింది. ‘తిరుగుబాటు’ అని స్క్రోలింగ్ వేస్తే ఇది అర్థం కాదు, ‘ప్రజాస్వామ్యం’ అని వేసినా అర్థం కాదు.

కొన్ని మంచి పనులూ నిజమే. 1961లో అయూబ్ తెచ్చిన కుటుంబ చట్టం పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేసి, బహుభార్యత్వానికి కళ్లెం వేసింది. ముషారఫ్ కాలంలో జాతీయ సభలో మహిళలకు 60 స్థానాలు వచ్చాయి, ప్రైవేటు టీవీలు వచ్చాయి. అదే ముషారఫ్ 2007 నవంబర్ 3న ఆ టీవీల ప్రసారాలే ఆపించారు.

ఇక మా విజ్ఞప్తులు.

ఒకటి. ‘మనకూ మిలిటరీ రూల్ రావాలి’ అని స్టూడియోలో ఎవరన్నా, యాంకర్ మూడు ప్రశ్నలు అడగాలి. రాత్రి మీ అబ్బాయిని తీసుకుపోతే ఏ కోర్టుకెళతారు? ఆ కోర్టు న్యాయమూర్తి ఎవరి మీద ప్రమాణం చేసి ఉంటాడు? పదేళ్లయ్యాక దిగమని ఎవరు చెబుతారు? తెలంగాణలో 1948 సెప్టెంబర్ నుంచి 1949 డిసెంబర్ దాకా జనరల్ చౌధురి మిలిటరీ గవర్నర్‌గా ఉన్నారు. నిజాం పాలన పోయినందుకు సంతోషించిన పల్లెల్లోనే ‘మిలిటరీ వచ్చింది’ అంటే జనం ఎందుకు అడవి పట్టారో పెద్దవాళ్లను అడిగి కథనం చేయండి.

రెండు. వృద్ధి రేటు చూపించే ప్రతి గ్రాఫిక్‌లో అదే కాలపు విదేశీ సాయాన్ని, ఆ సాయం ఎందుకొచ్చిందో ఒక వాక్యాన్ని వేయాలి.

మూడు. చర్చకు నలుగురిని పిలిస్తే అందులో ఒకరైనా పాకిస్తాన్ రాజ్యాంగ చరిత్ర చదివినవారు ఉండాలి. విశ్రాంత సైనికాధికారులు యుద్ధం గురించి చెప్పగలరు. జియా చర్యలను సక్రమం చేసిన 270ఏ అధికరణం ఏం మాఫీ చేసిందో చెప్పడం వేరే చదువు.

నాలుగు. ‘పాకిస్తాన్’ అనే ఒక్క మాట కింద సైన్యాన్ని, ప్రభుత్వాన్ని, జనాన్ని కలిపేయొద్దు. 1983 ఫిబ్రవరి 12న లాహోర్ మాల్ రోడ్డు మీద, ఆడవాళ్ల సాక్ష్యం విలువ తగ్గించే సాక్ష్య చట్టానికి వ్యతిరేకంగా నడిచి లాఠీ దెబ్బలు తిన్న ఆడవాళ్లు, అదే ఏడాది సింధ్ పల్లెల్లో జియాకు ఎదురుతిరిగిన రైతులు, 2007లో నల్లకోట్లతో రోడ్డెక్కిన వకీళ్లు, పీసీఓ ప్రమాణం చేయని న్యాయమూర్తులు కూడా పాకిస్తానీలే. వీళ్ల మీద ఏడాదికి ఒక్క ప్రత్యేక కథనం అడుగుతున్నాం.

ఐదు. పోటీ పరీక్షల పుస్తకాల ప్రచురణకర్తలు మూడో అంశంలో చెప్పిన తప్పుల్ని వచ్చే ముద్రణలో సరిదిద్దాలి. ఇప్పటికే అమ్మిన పుస్తకాలకు సవరణ పత్రం ఒక పేజీ ముద్రించి దుకాణాలకు పంపితే సరిపోతుంది. ఒక తేదీ తప్పుతో ఒక మార్కు పోయి ఉద్యోగం చేజారే పిల్లలు ఆ పుస్తకాల మీదే ఆధారపడుతున్నారు.

ఆరు. ఈ లేఖలో మేం రాసిన ఏ వాస్తవమైనా తప్పని మీకు అనిపిస్తే ఆధారంతో ప్రచురించండి, మేమూ బహిరంగంగానే సవరించుకుంటాం. సరైనదని తేలితే, తప్పు ఎక్కడ చెప్పారో అక్కడే, అదే సమయంలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా మీ జవాబు కోసం ఎదురుచూస్తాం.

భవదీయులు,
దక్షిణాసియా చరిత్ర, రాజనీతి శాస్త్రం బోధించే కొందరు తెలుగు అధ్యాపకులు